ముమ్మారు సముద్రం దాటిన గురువు
(ఫాదర్ హయ్యర్ జీవిత చరిత్ర)

ఒక విద్యాసంస్థ వయస్సును దాని పునాదిరాయి మీద చెక్కిన సంవత్సరంతో లెక్కించడం లోకంలో పరిపాటి. ప్లాటినం జూబ్లీ జరుపుకొంటున్న ఈ శుభ సమయంలో మనమూ ఆ లెక్కనే వేసుకొని సంతోషిస్తున్నాము. అయితే విద్యాలయాల చరిత్రను కొంచెం నిదానంగా పరిశీలించినవారికి మరొక సత్యం కూడా గోచరిస్తుంది. పునాది వేసేవారు ఎందరో ఉంటారు. వేసిన పునాది కుంగుతున్నదని విన్నప్పుడు ఎక్కడ ఉన్నా తిరిగివచ్చి భుజం పట్టేవారు కొందరే ఉంటారు. సంస్థలు దీర్ఘకాలం నిలిచేది ఆ కొందరి వల్లనే. అటువంటి ఒక మహనీయుని జీవితాన్ని ఈ సంచిక ద్వారా తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, పూర్వ విద్యార్థులకు పరిచయం చేయడం ఉచితమని భావిస్తున్నాము.

ఆయన పేరు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. గుంటూరు ప్రాంతపు ప్రజలు ఆయనను ఫాదర్ హయ్యర్ అనే ఆప్యాయంగా స్మరించుకొంటారు. మన దేవసూగూరు చెంత ప్రవహించే కృష్ణమ్మ శ్రీశైలం కొండలు దాటి పల్నాటి సీమను ఒరసుకొంటూ సముద్రం వైపు సాగిపోతుంది. ఆ దిగువ తీరంలో, నూట ఎనభై సంవత్సరాలకు పూర్వం, తెలుగు పిల్లలకు బడి తెరిచిన పరదేశీయుడు ఆయన. నేడు ఎ.సి. కాలేజీగా ప్రసిద్ధి చెందిన గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల పుట్టుకకు మూలమైన సేవాపరంపర ఆయనతోనే ఆరంభమైంది.

హయ్యర్ 1793 జూలై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణంలో జన్మించారు. ఆ పట్టణానికి ఒక విశ్వవిద్యాలయం కీర్తి తెచ్చిపెట్టింది. పదహారవ శతాబ్దంలో మార్టిన్ లూథర్ మతసంస్కరణకు పూనుకొన్నప్పుడు, సామాన్యులు తమ మాతృభాషలో చదువుకోవాలని, బాలురకే కాక బాలికలకు కూడా బడులు కావాలని ప్రబోధించారు. ఆయన అనుయాయులు ఎక్కడ స్థిరపడినా ప్రార్థనామందిరంతో పాటు పాఠశాలను కూడా నెలకొల్పడం ఒక సంప్రదాయమైంది. ఆ సంప్రదాయంలోనే బ్రన్స్‌విక్ ప్రభువు జూలియస్ 1576లో హెల్మ్‌స్టెట్ విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. రెండు శతాబ్దాలకు పైగా పండితులకు నిలయమైన ఆ విద్యాపీఠం, నెపోలియన్ యుద్ధాల కాలంలో కొత్త పాలకుల ఆజ్ఞతో 1810లో మూతపడింది. ఎంత ప్రాచీనమైన విద్యాలయమైనా దానిని నిలుపుకొనేవారు లేనినాడు ఒక్క ఉత్తరువుతో అంతరించగలదు. హయ్యర్ జన్మస్థలమే ఆ కఠిన సత్యానికి సాక్షిగా మిగిలింది.

అప్పటికే ఆయన స్వస్థలం విడిచి మూడేండ్లయింది. యుద్ధ వాతావరణానికి వెరచిన తల్లిదండ్రులు పదునాలుగేళ్ల కుమారుని 1807లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఉన్న మేనమామ వద్దకు పంపించారు. మేనమామది ఉన్నితోలు, టోపీల వ్యాపారం. బాలుడు ఆయనకు చేదోడుగా ఉంటూ కొత్త భాష నేర్చుకొన్నాడు. కొంతకాలానికి లూథరన్ సంఘపు బడిలో పిల్లలకు చదువు చెప్పాడు. అక్కడి గురువుల వద్ద వేదాంత విద్య అభ్యసించి, 1815లో జర్మనీకి వెళ్లి గోటింగెన్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదువుకొని మళ్లీ అమెరికా చేరాడు. 1820లో ఆయనకు గురుదీక్ష లభించింది.

ఆ తరువాత రెండు దశాబ్దాలు ఆయన జీవితం గుర్రం మీదనే గడిచిందని చెప్పవచ్చును. పెన్సిల్వేనియా, మేరీలాండ్ మొదలుకొని పడమటి అడవుల వరకు, కొత్తగా ఇండ్లు కట్టుకొంటున్న వలస కుటుంబాలను వెదుక్కొంటూ తిరిగారు. ఎక్కడ పదిమంది చేరితే అక్కడ ఒక సంఘాన్ని, పిల్లలకు ఒక ఆదివారపు బడిని ఏర్పాటు చేసేవారు. సంఘం తన కాళ్ల మీద నిలబడగానే దానిని మరొకరికి అప్పగించి ముందుకు సాగేవారు.

ఆ రోజులలోనే అమెరికాలోని లూథరన్లు ఉన్నత విద్యపై దృష్టి నిలిపారు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని గెటిస్‌బర్గ్‌లో 1826లో వేదాంత విద్యాలయం, 1832లో ఒక కళాశాల వెలిశాయి. ఆ కళాశాల ఉద్దేశం బోధకులను తయారుచేయడం మాత్రమే కాదు. ప్రాచీన భాషలు, గణితం, తత్త్వం, ప్రకృతి శాస్త్రాలు అన్నీ కలిపి నేర్పి, ఏ వృత్తిలో ప్రవేశించినా ఆలోచించగల మనిషిని తీర్చిదిద్దడం దాని ఆశయం. అక్కడి విద్యార్థులు రెండు సాహిత్య సమాజాలుగా ఏర్పడి, తమ స్వంత గ్రంథాలయాలను కూర్చుకొని, వాదప్రతివాదాలలో పోటీపడేవారు. పాఠ్యగ్రంథాలకు సమానంగా సహవాసమూ విద్యలో భాగమే అన్న ఈ భావన తరువాతి కాలంలో సముద్రం దాటి గుంటూరుకు కూడా చేరింది. దానికి దారి వేసినవారు హయ్యర్.

1839లో ఆయన సతీమణి మరణించారు. రెండేళ్ల తరువాత, పెన్సిల్వేనియా లూథరన్ సంఘం భారతదేశానికి తన తొలి మిషనరీగా ఆయనను ఎన్నుకొంది. అప్పటికి ఆయనకు నలభై ఎనిమిదేళ్లు. తల్లిలేని పిల్లలను విడిచి, ఎన్ని సంవత్సరాలకు తిరిగివస్తారో తెలియని ప్రయాణానికి ఆయన సిద్ధపడ్డారు. పరుల బిడ్డలకు చదువు చెప్పబోయిన తండ్రి తన బిడ్డలకు దూరమయ్యారు. ఆయన త్యాగాన్ని కీర్తించేవారు ఆ పిల్లలు చెల్లించిన మూల్యాన్ని కూడా గుర్తుంచుకోవలసి ఉంటుంది.

1841 అక్టోబరు 14న బోస్టన్ రేవులో ఆయన ఓడ ఎక్కారు. సూయజ్ కాలువ ఇంకా లేని కాలమది. ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావలసి ఉండేది. 1842లో సింహళం చేరి, అక్కడి నుండి దక్షిణ తీరానికి దాటి, మద్రాసు, నెల్లూరు మీదుగా జూలై 31వ తేదీన గుంటూరులో అడుగుపెట్టారు.

నాటి గుంటూరును నేటి గుంటూరుతో పోల్చుకోలేము. అప్పటికి పదేళ్ల క్రితమే, 1832-33లో, ప్రజలు డొక్కల కరువుగా చెప్పుకొన్న ఘోర క్షామం ఆ సీమను ఊడ్చిపెట్టింది. ఇల్లు విడిచి పోయినవారు పోగా, దారిలో రాలినవారు రాలగా, ఊళ్లకు ఊళ్లు పాడుపడ్డాయి. కృష్ణపై బెజవాడ ఆనకట్ట నిర్మాణం మరో పదేళ్లకు గాని మొదలు కాలేదు. వీధిబడిలో ఓనమాలు దిద్దే భాగ్యం కొన్ని కులాల బాలురకే ఉండేది. బాలికల చదువు ఊహకు అందని విషయం. మాల మాదిగ వాడల పిల్లలకు బడి అరుగు ఎక్కే హక్కే లేదు. ఈ పరిస్థితిని చూసి కలత చెందిన జిల్లా కలెక్టరు హెన్రీ స్టోక్స్, హయ్యర్‌ను ఆదరించి, వసతి కల్పించి, గుంటూరులోనే ఉండిపొమ్మని కోరారు.

హయ్యర్ వెంటనే బడి తెరిచారు. మొదట్లో దుబాసీ సహాయంతో మాట్లాడవలసి వచ్చేది. కాని పిల్లవాని హృదయానికి దారి వాని భాషలోనే ఉన్నదని ఆయనకు తెలుసు. పుట్టుకతో వచ్చిన జర్మను, పెరిగిన చోట నేర్చిన ఇంగ్లీషు, పాఠశాలలో చదివిన ప్రాచీన భాషలు ఆయనకు ఉన్నాయి. అయినా నలభై తొమ్మిదేళ్ల వయస్సులో పలక పట్టిన బాలునివలె తెలుగు అక్షరాలు దిద్దుకొన్నారు. ఆ తొలి సంవత్సరాలలోనే బాలికలకు కూడా బడి పెట్టారు. ఆయన స్థాపించిన పాఠశాలల ఉద్దేశాలలో మతబోధ ఒకటన్న సంగతి ఎవరికీ తెలియనిది కాదు. అందువల్ల అనుమానించిన కుటుంబాలూ ఉన్నాయి, పిల్లలను మాన్పించినవారూ ఉన్నారు. అయినప్పటికీ అన్ని కులాల బిడ్డలకు ఒకే అక్షరమాల అనే ఆలోచన ఆ ఊళ్లో ఒకసారి వేరూనిన తరువాత దానిని పెరికివేయడం ఎవరికీ సాధ్యం కాలేదు. సరిగ్గా ఆ కాలంలోనే, 1843లో, మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ మరొక పాఠశాలను ఆరంభించారు. తీరాంధ్రంలో ఆధునిక విద్యకు ఆ దశాబ్దమే తొలి మెట్టు.

ఎండలకు, జ్వరాలకు హయ్యర్ ఆరోగ్యం దెబ్బతిన్నది. 1846లో అమెరికా వెళ్లిపోవలసి వచ్చింది. యాభై మూడేళ్ల మనిషి విశ్రాంతి కోరుకొన్నా తప్పుపట్టేవారు లేరు. కాని ఆయన ఆ విరామాన్ని కూడా చదువుకే వినియోగించారు. గుంటూరు పల్లెలలో చదువుతో పాటు వైద్యం కూడా అత్యవసరమని ఆయన కళ్లారా చూశారు. బాల్టిమోర్ నగరంలో తన పిల్లల వయస్సువారి సరసన కూర్చొని వైద్యవిద్య పూర్తిచేసి 1847లో పట్టా పుచ్చుకొన్నారు. వెంటనే ఓడ ఎక్కి 1848లో మళ్లీ గుంటూరు చేరుకొన్నారు.

ఈసారి ఆయన చూపు పల్నాటి వైపు మళ్లింది. నాయకురాలు నాగమ్మ కథతో తెలుగువారందరికీ పరిచయమైన గురజాలలో 1849లో నివాసం ఏర్పరచుకొన్నారు. రాళ్ల నేల, దూరపు ఊళ్లు, బండి బాటలు, ఏటా ఎక్కడో ఒకచోట తలెత్తే జ్వరాలు. ఒక చేత మందుల సంచి, మరొక చేత వాచకం పట్టుకొని ఊరూరా తిరిగారు. ఊరి బయట వాడలలో బడులు వెలిశాయి. అక్షరం అంటరానిదిగా మిగిలిపోయిన ఇండ్లలో తొలిసారిగా పలకలు కనిపించాయి. ఇంతలో, జర్మనీ నుండి వచ్చినవారు రాజమండ్రిలో నడుపుతున్న మిషన్ కూడా 1850లో అమెరికన్ లూథరన్ల చేతికి వచ్చింది. పని పెరిగింది, చేతులు మాత్రం తక్కువ. ఆయనకు తోడుగా 1844లోనే వచ్చిన వాల్టర్ గన్ 1851లో గుంటూరులోనే మరణించారు.

1857లో హయ్యర్ రెండవసారి స్వదేశానికి బయలుదేరారు. అప్పటికి అరవై నాలుగేళ్లు. వాయవ్య అమెరికాలోని మిన్నెసోటా అప్పుడప్పుడే జనావాసమవుతున్నది. అక్కడ వలసదారుల మధ్య పని ప్రారంభించి 1860లో మిన్నెసోటా లూథరన్ సంఘ సమాఖ్యకు తొలి అధ్యక్షులైనారు. ఒక జీవితానికి ఇంత చాలునని ఎవరైనా అనుకొంటారు.

కాని ఆయన విడిచివచ్చిన తెలుగు సీమలో పరిస్థితులు క్షీణించాయి. 1861 నుండి 1865 వరకు సాగిన అమెరికా అంతర్యుద్ధం వల్ల డబ్బు రాలేదు, మనుషులు రాలేదు. సంఘాలే చీలిపోయాయి. గుంటూరు కేంద్రాన్ని ఉనాంగ్స్ట్ అనే ఒక్క మిషనరీ ఒంటరిగా నెట్టుకొని రావలసి వచ్చింది. రాజమండ్రి పనిని ఇక సాగించలేమని, దానిని మరొక మిషన్‌కు అప్పగించాలని 1869 నాటికి నిర్ణయం దాదాపు జరిగిపోయింది. ఈ వార్త తెలిసేనాటికి హయ్యర్ జర్మనీలో ఉన్నారు.

పుట్టిన ఊరి విశ్వవిద్యాలయం పట్టించుకొనేవారు లేక మూతపడిన సంగతి ఆయనకు తెలియనిది కాదు. ఆయన అమెరికాకు బయలుదేరి, పెన్సిల్వేనియాలోని రెడింగ్ పట్టణంలో జరుగుతున్న సంఘ సమావేశానికి హాజరై, రాజమండ్రిని వదులుకోవద్దని సభ్యులను అభ్యర్థించారు. పంపడానికి మనిషి లేడన్న సమస్య రాగా, తానే వెళ్తానని ముందుకు వచ్చారు. ఆ వృద్ధుని సంకల్పం ముందు సభ తన ఆలోచన మార్చుకొంది. ఆ ఆగస్టు చివరిలో ఓడ ఎక్కి 1869 డిసెంబరు 1న ఆయన రాజమండ్రి చేరారు. డెబ్బై ఆరేళ్ల వయస్సులో అది ఆయన మూడవ రాక.

ఆయన అక్కడ గడిపింది కొంచెం ఎక్కువగా ఒక సంవత్సరం మాత్రమే. కొత్త భవనాలేవీ కట్టలేదు. చెదిరిన బడులను, సంఘాలను కూడగట్టి, నిరాశపడిన స్థానిక ఉపాధ్యాయులకు ధైర్యం చెప్పి, యువకులు వచ్చేవరకు దీపం ఆరిపోకుండా కాపాడారు. వారు వచ్చి బాధ్యతలు స్వీకరించిన తరువాత 1871 తొలినాళ్లలో సెలవు తీసుకొన్నారు. ఆయన రాకపోయి ఉంటే గోదావరి తీరంలో ఆ పని ఆనాటితోనే ఇతరుల పాలయ్యేది.

చివరి దినాలను ఆయన విద్యార్థుల నడుమనే గడిపారు. ఫిలడెల్ఫియాలోని లూథరన్ వేదాంత విద్యాలయంలో విద్యార్థులకు పెద్దదిక్కుగా, వారితోనే నివసిస్తూ, వారి మంచిచెడ్డలు చూసుకొంటూ కాలం గడిపారు. పల్నాటి బాటలు, గోదావరి రేవులు చూసి వచ్చిన ఆ ముసలి గురువు సాన్నిధ్యమే ఆ యువకులకు ఒక పాఠమై ఉంటుంది. 1873 నవంబరు 7న, ఎనభై ఏళ్లు నిండిన తరువాత, ఆయన కన్నుమూశారు. సోమర్‌సెట్ ప్రాంతంలోని ఫ్రీడెన్స్ గ్రామంలో, మూడు దశాబ్దాలకు ముందే గతించిన భార్య సమాధి చెంత ఆయనను ఖననం చేశారు.

ఆయన నాటిన మొక్క ఎంత వృక్షమైనదో ఆయన కన్నులారా చూడలేదు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చి, స్త్రీలకు వైద్యం చేసే మనిషి లేని ఆ ప్రాంతంలో తన జీవితమంతా ధారపోసి, తన పేరే నిలిచిపోయిన ఆసుపత్రిని నిర్మించారు. 1885లో లూథరన్ మిషన్ గుంటూరులో కళాశాలను ప్రారంభించింది. అదే కాలక్రమంలో ఆంధ్ర క్రైస్తవ కళాశాలగా పేరుపొందింది. 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడి, నిర్వహణ క్రమంగా తెలుగువారి చేతికి వచ్చింది. మిషన్ నడిపిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో మహాకవి గుర్రం జాషువా పదేళ్లపాటు పనిచేశారు. కులం పేరిట అడుగడుగునా అవమానం పొందిన ఆ కవి, రేపటి ఉపాధ్యాయులకు గురువుగా నిలబడిన చోటు అది.

ఎ.సి. కాలేజీ విద్యార్థి జీవితం ఒక మతానికో ఒక వర్గానికో పరిమితం కాలేదు. క్రైస్తవ సంస్థ అయినా అన్ని మతాల, అన్ని కులాల యువకులు అక్కడ ఒకే బల్లపై కూర్చొని చదివారు. పల్లెల నుండి వచ్చిన రైతుబిడ్డలు, వాడల నుండి వచ్చిన కూలిబిడ్డలు, పట్టణపు ఉద్యోగుల బిడ్డలు అక్కడ ఒకరికొకరు పరిచయమయ్యారు. చదువుతో పాటు నాటకానికి, వక్తృత్వానికి అక్కడ చోటు దొరికింది. 1940 దశకంలో అక్కడ చదువుకొంటూ రంగస్థలంపై అడుగులు వేసిన నందమూరి తారక రామారావు, కొంగర జగ్గయ్య గార్లు ఆ తరువాత తెలుగు చలనచిత్ర రంగంలో ఎంతటి స్థానం సంపాదించారో చెప్పనవసరం లేదు. కళాశాల అంటే పరీక్షలు మాత్రమే కాదని, మనుషులు కలిసి బ్రతకడం నేర్చుకొనే చోటని ఆ ప్రాంగణం తరతరాలకు నిరూపించింది.

ఈ జీవితం నుండి మన పాఠశాల గ్రహించదగినది ఏమిటి? హయ్యర్ గుంటూరులో బడి నడుపుతున్న కాలంలో మన రాయచూరు సీమ నైజాం పాలనలో ఉండి, 1853లో ఆంగ్లేయుల చేతికి పోయి, 1860లో తిరిగి నైజాంకు దక్కింది. 1956లో కన్నడ రాష్ట్రంలో భాగమైంది. ఏలికలు మారినా ఇంటి భాష మారలేదు. కన్నడ సోదరుల మధ్య కలిసిమెలిసి జీవిస్తూనే, మన బిడ్డలకు తెలుగులో అక్షరాభ్యాసం చేయించుకొంటున్నాము. నలభై తొమ్మిదేళ్ల పరదేశీయుడు తెలుగు పిల్లల కోసం తెలుగు నేర్చుకొనగా, తెలుగువారమైన మనం మన బడిని నిలుపుకోవడంలో అలసత్వం చూపడం భావ్యం కాదు.

నేడు తెలుగు మాధ్యమ పాఠశాలలకు, అందునా రాష్ట్రం వెలుపల ఉన్నవాటికి, గడ్డుకాలమని అందరికీ తెలుసు. పిల్లల సంఖ్య తగ్గినప్పుడు, ఉపాధ్యాయుల కొరత వచ్చినప్పుడు, మరొకరికి అప్పగించి చేతులు దులుపుకొందామనే ఆలోచన ఎక్కడైనా తలెత్తుతుంది. 1869 నాటి రెడింగ్ సభలో తలెత్తినది కూడా అదే. ఆనాడు ఒక్క మనిషి లేచి నిలబడ్డాడు. ఆయన వద్ద ధనం లేదు, అధికారం లేదు, వయస్సు కూడా లేదు. తాను వేసిన పునాదిపై మమకారం మాత్రమే ఉంది.

ఈ పాఠశాల నుండి వెళ్లిన పూర్వ విద్యార్థులు నేడు పలు ఊళ్లలో, పలు ఉద్యోగాలలో స్థిరపడి ఉన్నారు. జూబ్లీ ఉత్సవాలకు వారు రావడం ముదావహం. ఉత్సవాలు ముగిసి పందిళ్లు విప్పిన తరువాత కూడా వారు వస్తూ ఉండాలి. ఒక పుస్తకాల అరను నింపడానికో, ఒక సాయంత్రం పిల్లలకు పాఠం చెప్పడానికో, చదువు మానబోతున్న ఒక బాలిక ఇంటికి వెళ్లి ఆమె తల్లిదండ్రులతో మాట్లాడడానికో రావాలి. తల్లిదండ్రులు తమ బిడ్డలను ఈ బడిపై విశ్వాసంతో పంపాలి. ఉపాధ్యాయులు ఆ విశ్వాసాన్ని నిలబెట్టాలి. అప్పుడే మన పాఠశాల శతజయంతిని కూడా ఇంతటి వైభవంతో జరుపుకోగలుగుతుంది. మూడు పర్యాయాలు సముద్రాలు దాటి తెలుగు బిడ్డల చెంతకు వచ్చిన ఆ గురువు జీవితం మనకు ఆ దిశగా ప్రేరణ కలిగించుగాక!